సీసా మీద చీటీ చదివావా తల్లీ?

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదువుతున్నాను. ప్రాజెక్టులో రెండు నైట్రోజన్లున్న వలయ అణువు పైపరజీన్‌కు ఒకవైపే, అంటే ఒక నైట్రోజన్‌కే, బెంజాయిల్ తగిలించాలి. 8.6 గ్రాముల పైపరజీన్, 14 గ్రాముల బెంజాయిల్ క్లోరైడ్, అంటే అణువుల లెక్కన సమానంగా, మోల్‌కు మోల్ తీసుకుని, సోడా కూడా వేశాను. మూడుసార్లూ తెల్లపొడే వచ్చింది, పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో కరగదు. పైగా కిటికీ పక్కనున్న పైపరజీన్ సీసా ఏప్రిల్ ఎండకు కరిగి నీళ్లయింది. సరుకు చెడిపోయిందా? వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: సరుకు బాగానే ఉందమ్మా, లెక్కే తప్పింది. నీళ్లు లేని పైపరజీన్ కరగాలంటే 106 డిగ్రీలు కావాలి. మన తిరుపతి ఎండ ఎంత మండినా అంత మండదు. 44 డిగ్రీలకే కరిగేది హెక్సాహైడ్రేట్. ఒక్కో అణువు ఆరు నీటి అణువులను వెంటేసుకుని ఉంటుంది. దాని అణుభారం 194, నువ్వు లెక్కవేసింది 86తో. తూచిన 8.6 గ్రాముల్లో అసలు పైపరజీన్ నాలుగు గ్రాములు కూడా లేదు. అంటే మోల్‌కు రెండు మోళ్లకు పైగా క్లోరైడ్ పోశావు. రెండు నైట్రోజన్లూ బెంజాయిల్ తగిలి అమైడ్లయిపోయాక ఆసిడ్‌ను పట్టుకోవడానికి ఇంకేం మిగిలింది?

సిగ్గుపడకు. మందుల కంపెనీలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను, గ్రాముల్లో కాదు, కిలోల్లో! మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఏమీ తిట్టకుండా డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లి చీటీ పైకి చదవమన్నాడు. తిట్టినా బాగుండేది.

తూకం సరిచేస్తే చాలనుకోకు. రెండు నైట్రోజన్లకూ సమాన చురుకుందనుకుంటే, మోల్‌కు మోల్ కలిపినప్పుడు సగం మాత్రమే మోనో, అంటే ఒకవైపే తగిలినది, వస్తుంది. పావు వంతు డై (రెండువైపులా తగిలినది, నీ తెల్లపొడి), పావు వంతు మిగిలిన పైపరజీన్. అదే ఒక మోల్ క్లోరైడ్‌కు ఐదు మోళ్ల పైపరజీన్ పెడితే, పద్దెనిమిది మోనోలకు ఒక్క డై. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. క్లోరైడే పైపరజీన్‌లోకి చుక్కచుక్కగా పడాలి, తిరగేశావో మళ్లీ తెల్లపొడే.

ఇంకో దారి ఉంది. పైపరజీన్‌నూ దాని డైహైడ్రోక్లోరైడ్‌నూ (రెండు నైట్రోజన్లకూ ఆసిడ్ పట్టిన లవణం) సమాన మోళ్లు కలిపితే ఒక్కో అణువులో ఒక నైట్రోజన్‌కు ప్రోటాన్ అంటుకుంటుంది. నైట్రోజన్లు ప్రోటాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకెలు, పీకేఏలు, సుమారు 9.8, 5.6 కాబట్టి రెండోది అంత తేలిగ్గా ప్రోటాన్‌ను తీసుకోదు, చర్యకు ఖాళీగా ఉంటుంది. కంపెనీల్లో ఒక నైట్రోజన్‌ను తాత్కాలికంగా మూసిపెట్టే బాక్ రక్షణ వాడతారు, నీ ప్రాజెక్టుకు ఆ ఖర్చు దండగ.

ఒకవైపే ఎందుకని వైవాలో అడిగితే బోదకాలు మాత్ర పేరు చెప్పు, డైఇథైల్ కార్బమజీన్. ఒక నైట్రోజన్ మీద మీథైల్, రెండోదాని మీద డైఇథైల్ కార్బమాయిల్. 1947లో లెడర్లే ప్రయోగశాలలో దాన్ని వెలికితీసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పు.

ఇక పని. సీసాను పారబోయకు, చల్లబడితే మళ్లీ గడ్డకడుతుంది. 19.4 గ్రాములు తూచి నీళ్లలో కరిగించి ఐసులో పెట్టు. 2.8 గ్రాముల క్లోరైడ్‌ను డైక్లోరోమీథేన్‌లో పలచన చేసి, ఫ్యూమ్‌హుడ్‌లోనే, బాగా కలుపుతూ వెయ్యి. కళ్లు మండించే సరుకది. తర్వాత ఆసిడ్ చేసి వడగడితే డై కాగితం మీద ఉండిపోతుంది. వడిసిన నీళ్లను క్షారం చేసి, ఉప్పు వేసి, డైక్లోరోమీథేన్‌తో తీస్తే మోనో వస్తుంది. మిగిలిన పైపరజీన్ చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది.