గోడ చాటున మాట వినిపిస్తుంది, మరి మనిషి కనిపించడెందుకు?

ధ్వని, కాంతి రెండూ తరంగాలే కదా, గోడ చాటుకి వెళ్లిన మనిషి మాట వినిపిస్తూ మనిషి మాత్రం ఎందుకు కనిపించడని అడిగారు. న్యూటన్ పట్టుకున్న పాయింటు కూడా ఇదే. శబ్దం వంకర గొట్టంలోంచైనా వస్తుంది, కాంతి నీడలోకి వంగదు, కాబట్టి కాంతి తరంగం కాదన్నాడు.

కిటుకంతా తరంగదైర్ఘ్యంలో, అంటే తరంగంలో ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే పొడవులో ఉంది. అడ్డు వచ్చిన వస్తువు తరంగదైర్ఘ్యంతో పోల్చదగ్గంత ఉంటే తరంగం దాని చుట్టూ బాగా వంగుతుంది. దీన్ని వివర్తనం అంటారు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) ఉండే బేస్, అదే బొంగురు మోత, తరంగం పొడవు 3.4 మీటర్లు, 5,000 హెర్ట్జ్‌ది 7 సెంటీమీటర్లే.

నేను కొన్నేళ్లు మైక్‌సెట్ పని చేశాను. జాతరలో పందిరి ముందు పాట స్పష్టంగా ఉండేది. ఇళ్ల వెనక సందులోకి వెళితే దబదబ తప్ప మాటలు తెలిసేవి కావు. 'స', 'శ' లాంటి అక్షరాల పదునంతా పై పౌనఃపున్యాల్లో (ఎక్కువ హెర్ట్జ్‌లో) ఉంటుంది, ఇంటి మూల దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. బేస్ మాత్రం మూల తిరిగి వచ్చేస్తుంది. (గోడలోంచి దూరడంలోనూ బేస్‌దే పైచేయి, దాని కారణం వేరు.) "సౌండ్ పెంచన్నా" అనేవాళ్లు. పెంచితే దబదబే పెరిగేది! సందు మొదట్లో స్తంభానికి చిన్న హారన్ స్పీకరు కడితే గొడవ వదిలేది.

ఇక కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు, మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా లేదు. దాని ముందు గోడ మరీ పెద్దది. అయినా కాంతీ వంగుతుంది. రాత్రి గొడుగు బట్టలోంచి దూరపు వీధిలైటు చూడండి, దారాల సన్నటి సందుల్లో కాంతి వంగి, లైటు చుట్టూ అడ్డంగా, నిలువుగా వెలుగు చుక్కలు కనిపిస్తాయి. 1818లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ కాంతిని తరంగంగా లెక్కగడితే, అదే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడ నడిమధ్యలో వెలుగు చుక్క ఉండాలి, ఇదెక్కడి చోద్యమని గణిత శాస్త్రవేత్త పాయిసన్ కొట్టిపారేశాడు. అరాగో అనే మరో శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది.

రేడియో తరంగాలు కూడా కాంతి కుటుంబమే. హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. దానికి ఇళ్లే కాదు, చిన్న గుట్టలు కూడా లెక్కలోకి రావు. సుమారు 3 మీటర్ల ఎఫ్ఎం తరంగం మాత్రం గుట్ట చాటుకి రాగానే గరగరలాడుతుంది.