స్పెయిన్‌లో నేర్చుకున్న స్పానిష్ లాటిన్ అమెరికాలో పనికొస్తుందా?

భేషుగ్గా పనికొస్తుంది. పత్రికల్లో, పుస్తకాల్లో రాసే భాష దాదాపు ఒకటే. తేడా అంతా నోటి దగ్గరే మొదలవుతుంది.

'థాంక్స్' అనడానికి మాడ్రిడ్‌లో 'గ్రాథియాస్' అంటే, లాటిన్ అమెరికా అంతటా 'గ్రాసియాస్'. తొలినాళ్లలో వలస వెళ్లినవాళ్లలో చాలామంది దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా వాళ్లు, అక్కడి ఉచ్చారణే వెంట వెళ్లింది. వీధిని చాలాచోట్ల 'కాయె' అంటారు, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో మాత్రం 'కాషె'. అక్కడ 'నువ్వు'కి 'తూ' బదులు 'బోస్', దాంతో క్రియ కూడా మారుతుంది: 'నీ దగ్గర ఉంది' అనే 'తియెనెస్' కాస్తా 'తెనేస్'. స్నేహితుల గుంపుని స్పెయిన్‌లో 'బొసోత్రోస్' అంటారు. లాటిన్ అమెరికాలో చిన్నాపెద్దా తేడా లేకుండా 'ఉస్తెదెస్', మన 'మీరు' లాగే.

అసలు తమాషా మాటల్లో ఉంది. క్యూబాలో 'గ్వాగ్వా' అంటే బస్సు, చిలీలో చంటిపాప! మెక్సికోలో బస్సుని 'కామియోన్' అంటారు, స్పెయిన్‌లో అది లారీ. ఒక్క జాగ్రత్త: బస్సు ఎక్కడానికి స్పెయిన్‌లో మామూలుగా వాడే 'కొహేర్' అర్జెంటీనా, మెక్సికోల్లో పచ్చి బూతు. 'తొమార్' అనండి, టెన్షన్ ఉండదు.