ప్రపంచ బ్యాంకు ఇచ్చేది అప్పా, సాయమా?

మీ ప్రశ్న చూశానండీ. “ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇచ్చేది అప్పే కదా, సెమినార్ పేపర్లో సాయం అని ఎలా రాయను?” అన్నారు. ఆ రెండు సంస్థలనూ ఒకే గాటన కట్టకండి, చిక్కంతా అక్కడే.

పేద దేశాల కోసం ప్రపంచ బ్యాంకుకు 1960 నుంచీ ఐడీఏ (అంతర్జాతీయ అభివృద్ధి సంఘం) అని వేరే సంస్థ ఉంది. దాని మామూలు అప్పుకు 38 ఏళ్ల గడువు. మొదటి 6 ఏళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదు, సర్వీసు ఛార్జి ఏడాదికి 0.75 శాతమే. బజారు వడ్డీకీ దీనికీ ఉన్న ఆ తేడాయే సాయం. అప్పుల్లో బాగా కూరుకుపోయిన దేశాలకైతే గ్రాంటుగానే ఇస్తుంది. ఆంధ్రలో పల్లె పేదల కోసం పెట్టిన మన వెలుగు పథకానికి వచ్చిందీ ఐడీఏ డబ్బే.

ఐఎంఎఫ్ ఇచ్చేది ఆపదలో ఆదుకునే అప్పు. ఆఫ్రికా దేశం జాంబియానే తీసుకోండి. 2020 నవంబరులో యూరోబాండ్ల (విదేశీ మదుపరులకు డాలర్లలో అమ్మిన అప్పు పత్రాల) వడ్డీ 4.25 కోట్ల డాలర్లు కట్టలేక చేతులెత్తేసింది. 2022 ఆగస్టులో ఐఎంఎఫ్ 130 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, అదీ విడతలుగా, షరతులతో. ఇంధన సబ్సిడీలు తగ్గించుకోవాల్సి వచ్చింది. డీజిల్ ధర పెరిగితే ముందు తగిలేది రాజధాని లుసాకాలో మినీబస్సు ఎక్కే కూలీకే. అదే ఏడాది అక్కడ బడి ఫీజులు ఎత్తేశారు, 30 వేల మంది టీచర్లను తీసుకున్నారు. ఈ రెండు ముఖాలూ మీ పేపర్లో తప్పకుండా ఉండాలండీ.

జాంబియా మీద స్టాఫ్ రిపోర్టు (ఐఎంఎఫ్ అధికారులు రాసిన నివేదిక) ఐఎంఎఫ్ సైటులో ఉచితంగానే దొరుకుతుంది. ముందు షరతుల పట్టిక తెరవండి.