పనిముట్ల అల్మారాలకు వాయిదాల అప్పు అవసరమా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. 20 అడుగులకు 15 అడుగుల అద్దె రేకుల షెడ్డులో వడ్రంగి పని చేయిస్తున్నాను. రోజుకు 900 రూపాయల కూలితో ఇద్దరు పనివాళ్లు ఉన్నారు. కూలీ, అద్దె, కరెంటు పోగా నెలకు సుమారు 42,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 30,000, చీటీకి 5,000. బ్యాంకులో 90,000 డిపాజిట్ ఉంది. లక్ష రూపాయల చీటీ ఇరవై నెలలది, పదకొండు నెలలు కట్టాను. రౌటర్, ట్రిమ్మర్, కట్టర్, డ్రిల్లులు కలిపి లక్షా అరవై వేల సామాను గోనెసంచుల్లో, ఇనప పెట్టెలో పడి ఉంటోంది. ఒక దుకాణంవారు చక్రాలున్న మూడు ఇనప టూల్ ట్రాలీలు 60,000కు ఇస్తామంటున్నారు. నూటికి రూపాయి వడ్డీతో పద్దెనిమిది వాయిదాలు, పైగా పన్ను కలిసివస్తుందని చెబుతున్నారు. నేనే ప్లైవుడ్‌తో చేసుకుంటే నాలుగు క్యాబినెట్లకు 19,000 సరిపోతుంది, నాకొక్కడికి పన్నెండు రోజుల పని. డిపాజిట్ తీయాలా, చీటీ పాడాలా, వాయిదాల్లో కొనాలా? చేతివృత్తులవారి కోసం కేంద్రం పెట్టిన పథకం కింద వచ్చే విశ్వకర్మ రుణం తీసుకోమని కూడా కొందరు అంటున్నారు.

జవాబు: ట్రాలీలను వాయిదాల్లో కొనవద్దు. క్యాబినెట్లు మీరే చేసుకోండి, అయితే నాలుగూ ఒకేసారి కాదు, ముందు రెండే. వాటికి డిపాజిట్‌నూ, చీటీనీ ముట్టుకోవలసిన అవసరం లేదు. ఇలా ఎందుకు చెబుతున్నానో మీరు రాసిన అంకెలతోనే వివరిస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో లెక్క చాలావరకు ఉంది, ఒక్క పద్దు మాత్రం మీరు వేయడం మరిచిపోయారు.

మొదట ఆ వడ్డీ సంగతి చూద్దాం. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే కదా, బ్యాంకు వడ్డీతో సమానమే కదా అనిపిస్తుంది. దుకాణంవారు చెప్పేది మొత్తం అసలు మీద చివరి నెల వరకు లెక్కగట్టే వడ్డీ. 60,000 మీద నెలకు 600 చొప్పున పద్దెనిమిది నెలలకు 10,800 అవుతుంది, అసలుతో కలిపి 70,800, అంటే వాయిదా 3,933 రూపాయలు. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటారు. పదిహేడు వాయిదాలు కట్టేసరికి మీ దగ్గర ఉన్న వారి సొమ్ము మూడు వేల చిల్లర మాత్రమే. అయినా ఆ నెల కూడా మీరు అరవై వేల మీద పడే 600 రూపాయల వడ్డీనే కడతారు. బ్యాంకులు లెక్కించే విధంగా, మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ వేసి చూస్తే ఇది ఏడాదికి సుమారు 21.6 శాతం అవుతుంది. అంటే మన ఊళ్లలో చెప్పుకునే రెండు రూపాయల వడ్డీకి కాస్త తక్కువ. కాగితాల ఖర్చు అంటూ ముందుగా ఏదైనా తీసుకుంటే ఆ తేడా కూడా ఉండదు. మీ చేతిలో నెలకు మిగిలేది 7,000. అందులో సగానికి పైగా ఈ ఒక్క వాయిదాకే పోతుంది.

పన్ను కలిసివస్తుందన్న మాట మీ విషయంలో పనికిరాదు. మీ ఆదాయం ఏడాదికి ఐదు లక్షల పైచిలుకు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు కాబట్టి, లేని పన్నులో తగ్గేది ఏమీ ఉండదు. మీ అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఉన్న 40 లక్షల పరిమితికి లోపే ఉండి, జీఎస్టీ నమోదు తీసుకోనట్లయితే, ట్రాలీ బిల్లు మీద పడిన జీఎస్టీ కూడా మీకు తిరిగి రాదు, అది పూర్తిగా మీ ఖర్చే.

ఇక మీరు వేయడం మరిచిన పద్దు మీ సొంత కూలి. 19,000లో అయిపోతుందని రాశారు గానీ, పన్నెండు రోజులు మీరు బయటి పని చేయకుండా ఉంటారు. నెలకు 26 రోజుల పని అనుకుంటే మీ రోజు విలువ సుమారు 1,615 రూపాయలు, పన్నెండు రోజులకు 19,380. కాబట్టి నాలుగు క్యాబినెట్ల అసలు ఖర్చు 38,500 దగ్గర తేలుతుంది, ఒక్కొక్కటి 9,600. అయినా ఇరవై వేల ట్రాలీ కంటే ఇదే చవక, కాని మీరు అనుకున్నట్లు నాలుగో వంతు ఖర్చు మాత్రం కాదు. చేతిపని వచ్చినవారందరూ ఈ పొరపాటు చేస్తారు: అడితిలో ఇచ్చిన నోట్లు లెక్కకు వస్తాయి, షెడ్డులో గడిచిన రోజులు రావు.

సామాను ఖర్చు కూడా కోత పథకం మీద ఆధారపడుతుంది, ఆ పథకం మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఒక కొలత చూపిస్తాను. 8 అడుగులకు 4 అడుగుల 18 మిల్లీమీటర్ల షీటును 20 అంగుళాల వెడల్పున రెండు పట్టీలుగా చీలిస్తే, ఒక్కొక్క 96 అంగుళాల పట్టీలో 27 అంగుళాల పక్క పలకలు రెండు, 20 అంగుళాల పై పలక, అడుగు పలక వస్తాయి. మొత్తం 94 అంగుళాలు, మిగిలిన రెండు అంగుళాలు రంపపు కోతలకు సరిపోతాయి. అంటే ఒక షీటుకు రెండు క్యాబినెట్ల బయటి పెట్టెలు, పైగా 8 అంగుళాల పట్టీ ఒకటి బద్దీలకు మిగులుతుంది. పక్క పలక 30 అంగుళాలు పెట్టారో, అదే షీటులో రెండోది పూర్తి కాదు, మూడు అంగుళాల ఎత్తు కోసం ఇంకో షీటు కోయవలసి వస్తుంది. సుమారు ధరల ప్రకారం రెండు క్యాబినెట్లకు ఆ షీటు 2,700, సొరుగులకు 12 మిల్లీమీటర్ల అర షీటు 950, సొరుగుల అడుగుకూ వెనక పలకకూ 6 మిల్లీమీటర్ల షీటు 1,250, సొరుగులు జారడానికి ఎనిమిది జతల టెలిస్కోపిక్ ఛానెళ్లు 2,240, ఎనిమిది క్యాస్టర్ చక్రాలు 1,520, స్క్రూలు, ఫెవికాల్, హ్యాండిళ్లు, ఎడ్జ్ బ్యాండ్ 900, మొత్తం 9,560 అవుతుంది. ఇది మీ నెలన్నర మిగులు కంటే తక్కువే. అందుకే అప్పు మాట అనవసరమన్నాను.

ఈ జాబితాలో తగ్గించకూడనిది చక్రాలు ఒక్కటే. సామాను నింపిన క్యాబినెట్ వంద కిలోల దాకా తూగవచ్చు, గుంటలు పడిన సిమెంటు నేల మీద ఏదో ఒక చక్రం గాలిలోనే ఉంటుంది కాబట్టి, బరువంతా మూడు చక్రాల మీదే ఉన్నట్లు లెక్కవేసి, ఒక్కొక్కటి 35 కిలోలకు తక్కువ కాకుండా మోసేవి, వాటిలో రెండు బ్రేకు ఉన్నవి తీసుకోండి. చిన్న ప్లాస్టిక్ చక్రం రంపపు పొట్టులో చిక్కుకుని విరిగితే, మిగిల్చుకున్న వంద రూపాయలకు బదులు ఒక పూట పని పోతుంది.

మీరు గోడకు దిగ్గొట్టే అరలు కాక చక్రాల క్యాబినెట్లే కోరుకోవడం డబ్బు లెక్కలో కూడా సరైన నిర్ణయం. షెడ్డు అద్దెది. గోడకు బిగించిన పెట్టుబడి ఖాళీ చేసే రోజున యజమానికే మిగులుతుంది, చక్రాల మీద ఉన్నది మాత్రం ఆటోలో ఎక్కి మీతో వస్తుంది.

ఎప్పుడు చేయాలన్నది ఎంత ఖర్చు చేయాలన్నదానికంటే ముఖ్యం. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, ద్వారబంధాలు నిలబెట్టించుకునేవారూ దాదాపు ఉండరు. ఆ నెలలో మీకు నాలుగైదు రోజులు ఖాళీ తప్పదని అనుకుంటాను. ఖాళీ రోజున మీ కూలి 1,615 కాదు, దాదాపు సున్నా. అదే పనిని శ్రావణానికి ముందు ఆర్డర్లు తోసుకువచ్చే వారంలో పెట్టుకుంటే ఆ కూలి పూర్తిగా పడుతుంది, మాట తప్పినందుకు కొనుగోలుదారు దగ్గర చెడ్డపేరు అదనం. వానలకు ప్లైవుడ్ తేమ పీల్చుతుంది కాబట్టి షీట్లు ముందే తెచ్చి, నేలకు ఆనకుండా బద్దీల మీద పరిచి ఉంచడం మాత్రం మరవకండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం: ఈ క్యాబినెట్లు డబ్బు సంపాదిస్తాయా? కొన్నేళ్ల కింద సామర్లకోట దగ్గర ఒక షెడ్డులో లెక్కలు చూడటానికి కూర్చున్నప్పుడు, ఒక పనివాడు 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కోసం రెండు పెట్టెలు బోర్లించి, చివరికి అది కిటికీ చట్రం మీద, టీ గ్లాసు పక్కన దొరికే దాకా వెతకడం చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది. మీ షెడ్డులో ముగ్గురూ రోజుకు ఇరవై నిమిషాల చొప్పున వెతుకులాటలో పోగొడుతున్నారనుకుందాం. పనివాళ్లిద్దరి నలభై నిమిషాలకు 75 రూపాయలు, మీ ఇరవై నిమిషాలకు 67, రోజుకు 142, నెలకు సుమారు 3,700. క్యాబినెట్ల వల్ల అందులో సగం మిగిలినా నెలకు 1,850. ఆ లెక్కన సొంతంగా చేసుకున్న 38,500 ఇరవై ఒక్క నెలల్లో తిరిగి వస్తుంది, వాయిదాల ట్రాలీల 70,800 తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. అయితే మిగిలిన నిమిషాలు రూపాయలుగా మారేది చేతిలో చేయవలసిన పని ఉన్నప్పుడే. పని లేని రోజున మిగిలిన గంట బీడీ కాల్చుకోవడానికే పనికివస్తుంది.

ఈ ఇరవై నిమిషాలన్నది నా ఊహ, మీ షెడ్డు సంగతి నాకు తెలియదు. అందుకే ప్లైవుడ్ కొనడానికి ముందు ఒక వారం గోడకు కాగితం అంటించి, ఎవరు ఏ సామాను కోసం వెతికినా దాని పేరు పక్కన ఒక గీత గీయమనండి. ఉలులు, చిత్రికలు ఎప్పుడూ చేతికి అందే చోటే ఉంటాయి, వాటికి గీతలు పడకపోవచ్చు. బిట్లకు, అలెన్ కీలకు, కొలత టేపులకు పడతాయి. ఎక్కువ గీతలు పడ్డ సామానుకే మొదటి రెండు క్యాబినెట్లు చేయండి. మూడోది, నాలుగోది కావాలో వద్దో అవి రెండు నెలలు వాడిన తరువాత తేల్చుకోవచ్చు.

డిపాజిట్ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. 90,000 అంటే మీ ఇంటికి సరిగ్గా మూడు నెలల ఖర్చు. రంపం వాడే చేతికి చిన్న గాయమైనా మూడు వారాలు రాబడి ఆగిపోయే వృత్తి మీది. ఆ సొమ్ము అలమరలుగా మారకూడదు. గడువుకు ముందు తీస్తే బ్యాంకులు వడ్డీ తగ్గిస్తాయన్నది ఆ తరువాతి మాట.

చీటీ కూడా అంతే. ఇప్పుడు పాడితే, పోటీని బట్టి, లక్షలో పదిహేను ఇరవై వేలు వదులుకోవలసి రావచ్చు; 9,560 రూపాయల పనికి అంత నష్టం ఎందుకు? తొమ్మిది నెలలు ఓపిక పట్టండి. చీటీ ముగిశాక నెలకు 5,000 మీ చేతికి తిరిగి వస్తుంది, అప్పుడు మీ మిగులు 12,000 అవుతుంది.

విశ్వకర్మ రుణానికి ఆ సమయమే తగినది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. మొదటి విడత లక్ష రూపాయలు, హామీ లేకుండా, 5 శాతం వడ్డీకి, పద్దెనిమిది నెలల్లో తీర్చాలి. వాయిదా సుమారు 5,780, మొత్తం వడ్డీ నాలుగు వేల దగ్గర. దుకాణంవారు అరవై వేలకు అడిగే 10,800తో పోల్చుకోండి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం, ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబానికి వర్తించదు, గత ఐదేళ్లలో ముద్ర రుణం తీసుకుని ఉంటే అది పూర్తిగా తీరి ఉండాలి. ఆధార్‌తో కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల విలువ చేసే ఈ-వోచర్ ఇస్తారు. అది నగదు కాదు, పనిముట్లకే చెల్లుతుంది కనుక దానితో అడితిలో షీట్లు కొనవచ్చని లెక్క వేసుకోకండి.

వడ్డీ తక్కువ కదా అని ఆ లక్షను క్యాబినెట్లకు తీసుకోవద్దు. ఈరోజు మీ 7,000 మిగులులో 5,780 వాయిదా పోతే 1,220 మిగులుతుంది, ఒక్క ఆర్డరు డబ్బు ఆలస్యమైతే వాయిదా తప్పుతుంది. చీటీ ముగిసిన తరువాత, చిత్రిక మెషీన్ వంటి రాబడి పెంచే యంత్రం కోసం తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. లక్షా అరవై వేల సామాను రేకుల షెడ్డులో ఉంది, చుట్టూ రంపపు పొట్టు ఉంది. చిన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీని సాధారణ బీమా సంస్థలు అమ్ముతాయి. తాళం పగలగొట్టి చేసే దొంగతనానికి వేరుగా పాలసీ తీసుకోవాలి. చక్రాలున్న పెట్టెను దొంగ కూడా సులువుగానే తోసుకుపోతాడు కాబట్టి, నేలలో ఒక ఇనప కొక్కెం పాతించి, రాత్రిళ్లు గొలుసు వేసి తాళం పెట్టండి. సొరుగుల్లో సామాను సర్దే రోజునే ప్రతి యంత్రం పేరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ధర ఒక పుస్తకంలో రాసి, బిల్లులతో పాటు దాన్ని షెడ్డులో కాక ఇంట్లో ఉంచండి.