ఆరోగ్య పరిశోధన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ప్రజారోగ్యంలో పీజీ పూర్తిచేసి, ఇటీవలే ఒక విశ్వవిద్యాలయంలోని ఆరోగ్య విధాన పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టు సమన్వయకర్తగా చేరాను. సిజేరియన్ కాన్పులపై ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బీపీ, షుగర్ మందుల సరఫరాపై ఒకటి, ఆశ్రమ పాఠశాలల బాలికల్లో రక్తహీనతపై ఒకటి, మొత్తం మూడు అధ్యయనాలు నా చేతిలో ఉన్నాయి. ముగ్గురు ప్రధాన పరిశోధకులూ తమ పనే ముందు జరగాలంటున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మూడు ప్రాజెక్టులకూ కలిపి ఒకే క్యాలెండర్ తయారు చేసుకోండి. అందులో పరిశోధకుల గడువుల కంటే ముందు ఊళ్ల పనికాలాన్ని రాయండి. వానాకాలంలో నాట్లు, దసరా ముందూ వెనుకా పత్తి ఏరడం, ఆ తర్వాత మిర్చి ఏరడం సాగే నర్సంపేట, పరకాల ప్రాంతాల్లో కూలికి వెళ్లే స్త్రీలు పొద్దున్నే ఇల్లు వదులుతారు. మీ సర్వే బృందం పదకొండు గంటలకు తలుపు తడితే ముసలివాళ్లు, కూలికి పోనక్కరలేని ఇళ్ల కోడళ్లు మాత్రమే దొరుకుతారు. చివరికి కూలి తల్లుల కాన్పుల సంగతి మీ లెక్కల్లోకి రాకుండానే నివేదిక తయారవుతుంది, ఆ లోటును తర్వాత ఏ గణాంక పద్ధతీ పూర్తిగా సరిదిద్దలేదు. అలాగే మేడారం జాతర జరిగే సంవత్సరం మాఘమాసంలో ములుగు వైపు సర్వే పెట్టుకోకండి, ఆరోగ్య సిబ్బంది అంతా జాతర విధుల్లోనే ఉంటారు.

తర్వాత రాయవలసినవి అనుమతులు. మనుషులపై జరిగే ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం నైతిక కమిటీ ఆమోదం ముందుగా ఉండాలి. ఆమోదం వచ్చాక ప్రశ్నావళిలో మార్పు చేసినా మళ్లీ కమిటీకి తెలియజేసి ఒప్పుదల పొందాలి. అందువల్ల ఏ ప్రశ్నావళి ఏ తేదీన ఆమోదం పొందిందో, ఊళ్లోకి ఏ ప్రతి వెళ్లిందో ఒక రిజిస్టరులో రాసి పెట్టండి. పాత ప్రతులను బృందం సంచుల్లోంచి మీరే స్వయంగా వెనక్కి తీసుకోండి. జిల్లా వైద్యాధికారి లేఖ, ఆశ్రమ పాఠశాలలకైతే గిరిజన సంక్షేమ శాఖ అనుమతి, విదేశీ నిధులుంటే కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ ఆమోదం, వీటిలో ఒక్కటి ఆలస్యమైనా బృందం జీతం తీసుకుంటూ ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. నిధుల సంగతి క్లుప్తంగా చెబుతాను: యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం), ఖర్చుల పట్టిక వేళకు పంపకపోతే తరువాతి వాయిదా ఆగిపోతుంది.

సిజేరియన్ అధ్యయనం గురించి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ సిజేరియన్ కాన్పులు 2015–16లో 57.7 శాతం, 2019–21లో 60.7 శాతం. రాష్ట్రం మొత్తానికి ఈ పోలిక సరిపోతుంది కానీ, జిల్లాకు వచ్చేసరికి సరిపోదు. మొదటి సర్వే నాటి వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ఐదు ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో అర్బన్, రూరల్ జిల్లాలు హద్దులు మారి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. ఒకే పేరు చూసి రెండు అంకెలను పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు ప్రాంతాలను పోల్చినట్టవుతుంది. ఏ మండలం ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక ఒకటి ముందే తయారుచేసి ముగ్గురు పరిశోధకులకూ ఇవ్వండి. ఈ పని సమన్వయకర్త చేయకపోతే మరెవరూ చేయరు.

ఎవరి పని ముందు అన్న తగవును మీరు తీర్చకండి, తీర్చే అధికారం మీకు లేదు. నెలకొకసారి ముగ్గురినీ కేంద్రం డైరెక్టర్ సమక్షంలో కూర్చోబెట్టి, క్యాలెండర్ ముందుంచి, తీసుకున్న నిర్ణయాలను అదే సాయంత్రం రాతపూర్వకంగా అందరికీ పంపండి. రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. శాఖలు తమ ప్రతిపాదనలను అంతకు కొన్ని నెలల ముందే సిద్ధం చేసుకుంటాయి. మందుల సరఫరాపై మీకు తేలిన విషయం ఆలోగా రెండు పేజీల తెలుగు నివేదికగా అధికారుల బల్ల మీదికి చేరాలి. పరిశోధన పత్రికలో వ్యాసం అచ్చయ్యేదాకా ఆగుదామని పరిశోధకులు అంటారు. ఆగితే ఒక సంవత్సరం పోతుంది, ఆ సంవత్సరమంతా మందు దొరకని రోగి బయట కొనుక్కుంటాడు.

ప్రశ్న: నేను సర్వేలో క్షేత్ర పరిశోధకుడిని. మా బృందం తండాలకు వెళ్లినప్పుడు ఊరి పెద్ద “మా తండా అంతా ఒప్పుకున్నట్టే” అని సంతకం పెడుతున్నారు. అది చాలదా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: చాలదు. ఊరి పెద్ద అనుమతి మీరు తండాలోకి అడుగుపెట్టడానికి పనికొస్తుంది కానీ, ఒక్కొక్కరి అంగీకారానికి అది బదులు కాదు. మన పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే అధ్యయనం జరిగింది. హాస్టళ్లలో చదివే గిరిజన బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని నిలిపివేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే ప్రతి బృందం ఆ సంఘటనను తెలుసుకుని తీరాలి.

కాబట్టి లంబాడీ మాట్లాడేవారిని బృందంలో చేర్చుకుని, పత్రంలోని విషయాన్ని ఆ భాషలోనే నోటితో చెప్పించండి. చదవరాని వారి వేలిముద్ర తీసుకునేటప్పుడు బృందానికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు వారికి తల్లిదండ్రుల అంగీకారం, దానితోపాటు ఆ పిల్ల ఒప్పుదల కూడా కావాలి. వద్దన్న వారిని మళ్లీ అడగకండి. సమాచార పత్రం ఒక ప్రతిని వారి ఇంట్లోనే ఉంచి రండి, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అందులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.