గుంటూరు పాత వీధులు, చర్చి సంగతులు: పెద్దవాళ్ల చేత ఎలా చెప్పించాలి, ఎలా దాచుకోవాలి

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబంలో పుట్టి పెరిగిన మీ నాయనమ్మగారికి ఎనభై దాటాయి. పాత వీధులు, చర్చి సంగతులు రాసిపెట్టాలని ఉంది. కదిలిస్తే మాత్రం "ఏముందమ్మా చెప్పడానికి" అని ఊరుకుంటున్నారు.

"పాత సంగతులు చెప్పు" అంటే ఎవరైనా అలాగే అంటారు. సంగతులు అడగొద్దు, దారి అడగండి. ఆదివారం పొద్దున ఇంట్లోంచి గుడికి, అంటే చర్చికి, ఎటు వెళ్లేవారు? గుమ్మం దిగితే కుడికా ఎడమకా? పక్కిల్లు ఎవరిది? మూలమీద కొట్లో ఏం అమ్మేవాళ్లు? మంచినీళ్ల పంపు ఎక్కడుండేది? రైలు పట్టాలు దాటాలా? గేటు పడితే ఎక్కడ నిలబడేవారు? పెద్దవాళ్లకు ఏళ్లు గుర్తుండవు గానీ కాళ్లు తిరిగిన దారి గుర్తుంటుంది. ఒక్కో మలుపు దగ్గర ఆగితే చాలు, మనుషులూ సంఘటనలూ వాటంతట అవే బయటికొస్తాయి.

ముందుగా పెద్ద డ్రాయింగు కాగితం మీద స్థానం మారనివి మాత్రమే గీసుకోండి: రైలు మార్గం, స్టేషను, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ, హిందూ కాలేజీ, జిన్నా టవర్, ఆవిడ వెళ్లిన చర్చి. ఇప్పటి షాపుల పేర్లు, ఫ్లైఓవర్లు వేయొద్దు. అవి కనిపిస్తే మాట వాటి మీదికి మళ్లుతుంది. ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట మీరు ఒక అంకె వేసి, ఆ అంకెను పైకి అనండి: "ఇది మూడు, నాయనమ్మా." చాలామంది మరిచేది ఇదే. తర్వాత వింటే రికార్డింగు నిండా "ఇక్కడ", "అదుగో ఆ పక్కన" అని ఉంటుంది. ఎక్కడో తెలియదు.

పాత ఉత్తరాలుంటే వాటి మీద చిరునామా చూడండి. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అరండల్‌పేటకూ ఇదే లెక్క. ఈ చిరునామాలను ఇప్పటికీ నేలమీద పట్టుకోవచ్చు. ఇంటి నంబరును మాత్రం నమ్మొద్దు, మున్సిపాలిటీ నంబర్లు మారుతుంటాయి. పాత గుంటూరు, లాలాపేట, పట్నంబజారు వైపు ఈ లైన్ల లెక్క పనికిరాదు. అక్కడ వృత్తులు, కొట్లు, చెరువు, చెట్టు గుర్తుగా అడగాలి.

ఏ ఏడో తెలుసుకోవడానికి ఊరు మొత్తానికి తెలిసిన గుర్తులు వాడండి. ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఉన్నది 1954 నుంచి 1956 దాకా. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ప్రకాశం బ్యారేజీ కూడా ఆ ఏడే. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో, జై ఆంధ్ర ఉద్యమం 1972-73లో, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. "అది దీనికి ముందా తర్వాతా? అప్పటికి నీకు పెళ్లయిందా?" అంటే చాలు. "కానుకకు అణా ఇచ్చేవాళ్లం" అన్నారని 1957కు ముందే అని రాసేయకండి. నయాపైసలు వచ్చాక కూడా అణాలు కొంతకాలం చెల్లాయి, ఆ మాట అంతకన్నా ఎక్కువకాలం నిలిచింది.

చర్చి విషయానికొస్తే, మీ కుటుంబ చరిత్రకు వెనక ఉన్న తారీఖులు కొన్ని చేతిలో పెట్టుకోండి. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరింది 1842 జూలై 31న. ఏసీ కాలేజీ 1885లో మొదలైంది. మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి తెరిచింది 1898లో. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. ఇవి మీరు తెలుసుకోవడానికే, ఆవిడకు వినిపించడానికి కాదు. మీరు ముందే తారీఖు చెప్పేస్తే పెద్దవాళ్లు మర్యాదకు ఔనంటారు, అసలు జ్ఞాపకం అక్కడే ఆగిపోతుంది.

అడగాల్సినవి చిన్నచిన్న పనుల గురించి. గంట ఎన్నిసార్లు కొట్టేవారు, ఎవరు కొట్టేవారు? చాపలా బల్లలా? ఆడవాళ్లు ఏ పక్క కూర్చునేవారు? పెట్రోమాక్స్ లైట్లు ఎవరు వెలిగించేవారు? వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా తీసిపెట్టిన పిడికెడు బియ్యం దేంట్లో దాచేవారు, గుడికి ఎవరు మోసుకెళ్లేవారు? కోత పండుగనాడు వేలంలో ఏమేం పెట్టేవారు, పాట ఎవరు పాడేవారు, ఒక గుమ్మడికాయ ఎంతదాకా పోయేది? నన్నడిగితే ఈ వేలం గురించి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. ఎవరి పొలంలో ఏం పండేది, ఎవరి చేతిలో డబ్బు ఆడేది, ఎవరి మాట చెల్లేది అన్నీ అందులోనే తెలిసిపోతాయి. మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం), శ్రమల కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు), ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడం, క్రిస్మస్‌కు వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) క్లాసులో ప్రశ్నోత్తరి అప్పజెప్పడం, మిస్సమ్మగార్లు (మిషనరీ దొరసానులు), బైబిలు స్త్రీలు (ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే ఆడవాళ్లు), బోర్డింగులో తిండి: కూర్చున్న ఒక్కోసారి రెండు విషయాలకు మించి ఎత్తుకోకండి.

కీర్తనల గురించి చెప్పించొద్దు, పాడించండి. పుస్తకంలో పైన రాగం, తాళం అచ్చువేసి ఉన్నా సంఘంలో పాడే వరస వేరుగా ఉండొచ్చు. ఆ వరస కాగితం మీద ఎక్కడా దొరకదు. చరణాలన్నీ పాడనిచ్చి, పుస్తకంలో కీర్తన సంఖ్య రాసుకోండి. గొంతు వణికిందని మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టించకండి.

రికార్డింగుకు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి మూర దూరంలో, మడిచిన తువ్వాలు మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే చేయి తగిలిన ప్రతి చప్పుడూ పడుతుంది. ఫ్యాను తగ్గించి, కుక్కరు పెట్టని వేళ చూసుకోండి. డబ్ల్యూఏవీ (కుదించని ఆడియో ఫైలు), 44.1 కిలోహెర్ట్జ్, మోనోలో గంటకు దాదాపు 320 ఎంబీ అవుతుంది కాబట్టి ముందే ఖాళీ చూసుకోవాలి. నలభై నిమిషాలు దాటితే అలసటొచ్చి ఔను, కాదులతో సరిపెడతారు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ముందు విడివిడిగా, తర్వాత కలిపి.

చెప్పిన దాన్ని చర్చి రిజిస్టర్లతో పోల్చండి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్, వివాహం, సమాధి, ఇవి నాలుగూ వేరువేరుగా ఉంటాయి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఐదేళ్ల వ్యవధి రాసి పాస్టరుగారికి కాగితం ఇవ్వండి. ఆదివారం అడగొద్దు, పనిదినాన వెళ్లండి. పుస్తకం ఇంటికివ్వమని అడగనే వద్దు. అనుమతిస్తే ఫ్లాష్ లేకుండా ముందు పేజీ మొత్తం, తర్వాత మీ వరుస ఫొటో తీయండి. వరుస ఒక్కటే తీస్తే ఏ ఏడాది పేజీయో తర్వాత తెలియదు.

ఈ రిజిస్టర్లలో మూడు చోట్ల తడబడతారు. బాప్తిస్మం తేదీని పుట్టినరోజు అనుకోవడం మొదటిది. కుటుంబమంతా ఒకేరోజు బాప్తిస్మం తీసుకుంటే ముసలాయనకూ చంటిబిడ్డకూ అదే తేదీ ఉంటుంది. ఇంట్లో పిలిచే పేరుతో వెతకడం రెండోది, రిజిస్టరులో ఉండేది బాప్తిస్మపు పేరు. తెలుగు పేర్లను ఇంగ్లిషులో ఎవరి చెవికి తోచినట్టు వాళ్లు రాశారు, అది మూడోది. అందుకే మొదటి అక్షరం పట్టుకుని కాకుండా తండ్రి పేరు, ఊరు కలిపి చూడాలి. పెళ్లి పుస్తకం చెదలు తినేసినా దారి మూసుకుపోలేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నకలు ప్రభుత్వ రిజిస్ట్రారుకు పంపాలి, అటు విచారించండి.

సమాధి రాళ్ల మీది రాత పొద్దునో సాయంత్రమో ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తుంది. మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు వాడితే అక్షరాలు శాశ్వతంగా పోతాయి. పాత ఫొటోలను లామినేషన్ చేయించకండి. 600 డీపీఐలో స్కాన్ చేసి, వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి.

కులం, వేరు బావులు, వేరు బల్లలు, సంఘంలో తగాదాల మాట వస్తుంది, రావాలి కూడా. అది ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి, మనవలందరి ముందూ కాదు. ఏది బయటపెట్టొచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో ఆవిడ నోటితోనే రికార్డు చేయించండి. మొదట్లో ఒకసారి, అంతా అయ్యాక ఇంకోసారి. రెండోసారి జవాబు మారితే దానికే కట్టుబడాలి. బతికున్న వేరేవాళ్ల పేర్లు ఎక్కడా పెట్టొద్దు.

గంటసేపు రికార్డు చేసిన మాటను కాగితం మీద రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. ఆవిడ యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి దిద్దకండి. ఫైలు పేరులో తేదీ, మనిషి, భాగం ఉండాలి. ఒక ప్రతి ఫోనులో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉంచండి. రాత పూర్తయ్యాక ఆవిడకు చదివి వినిపించండి. "అట్లా కాదు" అని సరిదిద్దే మాటల కోసం అప్పుడు కూడా ఫోను ఆన్‌లోనే ఉండాలి.