డిగ్రీలో అరబిక్, పశ్చిమాసియా అధ్యయనాలు: ఎక్కడ చేరాలి, ఏం చూసుకుని చేరాలి?

మీది రాజోలు దగ్గర ఊరు, ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మగారు కువైట్‌లో పనిచేస్తున్నారు. అరబిక్‌తో పాటు అరబ్ దేశాల చరిత్ర, రాజకీయం కూడా నేర్పే డిగ్రీ ఏదని అడిగారు. ఇంట్లో వాళ్లకు ఉద్యోగాల సంగతి ఏం చెప్పాలని కూడా అడిగారు. నాది నరసాపురం వైపు. హైదరాబాద్‌లో అరబిక్ బీఏ, ఢిల్లీలో పశ్చిమాసియా అధ్యయనాల్లో ఎంఏ చేసి, ఇప్పుడు అనువాదకుడిగా పనిచేస్తున్నాను. ఇలాంటి ప్రశ్న మన కోనసీమ నుంచి రావడం నాకెంతో సంతోషంగా ఉంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. డిగ్రీ మూడేళ్లూ భాషకే ఇవ్వండి. ప్రాంతీయ అధ్యయనం, అంటే ఒక ప్రాంతపు దేశాల చరిత్ర, రాజకీయం కలిపి చదవడం, మన దేశంలో ప్రధానంగా పీజీ స్థాయి చదువు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో దానికి పాత, గట్టి పునాది ఉంది. అక్కడి అంతర్జాతీయ అధ్యయనాల విభాగం 1955లో విడి సంస్థగా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసింది. పశ్చిమాసియా అధ్యయన కేంద్రం ఉన్నది అందులోనే. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా దేశాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. భాష చేతిలో ఉంటే ఎంఏలో ఆ చదువు ఎలాగూ దొరుకుతుంది. భాష రాకుండా ఆ ఎంఏలో చేరిన వాళ్లు మాత్రం చివరిదాకా ఇంగ్లీషు పుస్తకాల మీదే ఆధారపడటం నేను కళ్లారా చూశాను.

బీఏ అరబిక్ కోసం హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఢిల్లీలో జేఎన్‌యూ, జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత అలీగఢ్ చూడండి. పేరు కంటే ముందు వారానికి ఎన్ని గంటలు భాష నేర్పుతారో అడగండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న తమ దౌత్యాధికారులకు అరబిక్ నేర్పడానికి అమెరికా విదేశాంగ శాఖ సుమారు 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది. వారానికి ఆరు గంటల చొప్పున, ఏడాదికి ముప్పై వారాలు చదివితే మూడేళ్లకు వచ్చేది 540 గంటలు. పదిహేను గంటల చొప్పున అయితే 1,350. ఈ తేడాను ఏ ర్యాంకుల పట్టికా చూపించదు.

రెండో ప్రశ్న: అక్షరాల నుంచి నేర్పుతారా? అరబిక్ తరగతుల్లో మదరసాలో చదివి వచ్చిన వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు వ్యాకరణం నోటికి వచ్చి ఉంటుంది. కొత్తవాళ్లకు విడిగా తరగతి లేకపోతే మొదటి సెమిస్టరు మీకు చాలా కష్టంగా గడుస్తుంది. అయితే ద్వివచనం, విభక్తి ప్రత్యయాలు సంస్కృతం రుచి చూసిన వాళ్లకు కొత్తగా అనిపించవు.

కాలేజీని పరీక్షించడానికి ఒక మంచి దారి చెబుతాను. అరబిక్ పత్రికల్లో హ్రస్వ అచ్చుల గుర్తులు అచ్చువేయరు. చదివేవాళ్లే సందర్భాన్ని బట్టి వాటిని పూరించుకోవాలి. అక్కడ మూడో సంవత్సరం చదివే విద్యార్థిని ఎవరినైనా ఒక వార్త పైకి చదివి అర్థం చెప్పమని అడగండి. తడుముకుంటూ అయినా చదివితే అక్కడ పాఠం సరిగ్గా జరుగుతున్నట్టే.

చదివే అరబిక్, మాట్లాడే అరబిక్ వేరువేరు. ఈ విషయం మీరు చేరకముందే తెలుసుకోవాలి. మా పక్కింటి పిన్ని ఏళ్ల తరబడి కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చారు. ఆమె ఫోనులో అక్కడి యజమానురాలితో మాట్లాడుతుంటే, రెండో సంవత్సరం చదువుతున్న నాకు సగం కూడా అందలేదు. పాఠంలో ‘క’ ఉన్న చోట చాలాసార్లు ‘చ’, ‘జ’ ఉన్న చోట ‘య’ వినిపిస్తుంది. అదే పిన్ని తన ఒప్పంద పత్రం తెచ్చి, ఇందులో ఏముందో చదివిపెట్టమన్నారు. అంత ధారాళంగా మాట్లాడే ఆవిడ ఆ కాగితంలో ఒక్క పంక్తీ చదవలేరు.

ఆ కాగితంలో ఇంటిపనివాళ్ల కోసం కువైట్ చేసిన 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రస్తావన ఉంది. చట్టం అసలు పాఠం వెతికి ఆవిడ పక్కన కూర్చుని చదివాను. వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని ముగిశాక పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. “ఇవన్నీ ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు బాబూ” అన్నారు పిన్ని. కువైట్ కార్మిక చట్టం 2010లో కొత్తగా వచ్చినా ఇంటిపనివాళ్లను అందులో చేర్చలేదు. వాళ్లకు వేరే చట్టం ఎందుకు కావలసి వచ్చిందో నాకు ఎంఏలోనే తెలిసింది. భాష, ప్రాంతీయ అధ్యయనం రెండూ కలిస్తే ఏం వస్తుందని ఎవరైనా అడిగితే నేను ఈ చట్టం సంగతే చెబుతాను. మన డెల్టాలో ఎన్నో ఇళ్లకు ఈ చదువు అవసరం ఉంది.

అందుకే డిగ్రీ చదువుతూనే గల్ఫ్ మాండలికం చెవికి అలవాటు చేసుకోండి. మీ అమ్మగారితో వారానికోసారి ఫోనులో అరబిక్‌లో మాట్లాడండి. అంత మంచి అవకాశం మీ తరగతిలో చాలామందికి ఉండదు.

ఇక ఉద్యోగాలు. హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రులకు అరబ్ దేశాల నుంచి రోగులు వస్తారు, వాళ్లకు దుబాసీలు కావాలి. అనువాద సంస్థలు, అరబిక్‌లో సేవలందించే కంపెనీలు, రాయబార కార్యాలయాలు ఉన్నాయి. ఇప్పటి సివిల్స్ ఐచ్ఛికాంశాల జాబితాలో అరబిక్ సాహిత్యం లేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. విదేశాంగ సేవకు ఎంపికైన వాళ్లకు కేటాయించే భాషల్లో మాత్రం అరబిక్ ఉంది. జీతాలు మొదట్లో సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండవు, ఆ సంగతి ఇంట్లో దాచకుండా చెప్పండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఫీజులు ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజులతో పోలిస్తే చాలా తక్కువ, అది కూడా చెప్పండి.

ఆసియా, ఆఫ్రికా అధ్యయనాలకు పేరున్న లండన్‌లోని సోయాస్, అమెరికా జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి ఖతార్ రాజధాని దోహాలో ఉన్న శాఖ మంచివే. గట్టి ఆర్థిక సహాయం దొరికితే తప్ప వాటి కోసం అప్పు చేయవద్దు.

జేఎన్‌యూ బీఏకు 2022 నుంచి సీయూఈటీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. మిగతా చోట్ల ప్రవేశ విధానం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇంటర్‌లో అరబిక్ చదివి ఉండాలన్న నిబంధన ఉందేమో ఫీజు కట్టకముందే ఫోను చేసి అడగండి.